ఆసుపత్రి గుట్టు: అడక్కుండా ఎవరికి చెప్పొచ్చు, ఎంతవరకు చెప్పొచ్చు?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఒకటే: ‘మమ్మల్ని అడక్కుండా ఆసుపత్రివాళ్లు మా వివరాలు బయటికిచ్చారు, ఇవ్వొచ్చా?’ నెల్లూరు, కావలి, కందుకూరు, పొదిలి, చీమకుర్తి నుంచి రాశారు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లూ రాశారు. ఇస్తే రోగితో తంటా, ఇవ్వకపోతే పోలీసులతో తంటా అని వాళ్ల బాధ.

రోగి వివరాలన్నిటికీ కలిపి మనకు ఒకే చట్టం లేదు. డాక్టర్లకు 2002 నాటి వృత్తి నియమావళి ఉంది. 2023 ఆగస్టులో కొత్తది తెచ్చినా ఆ నెలలోనే దాన్ని ఆపేశారు కాబట్టి పాతదే నడుస్తోంది. అందులోని 7.14 నియమం ప్రకారం రోగి గుట్టు చెప్పడానికి మూడే దారులు: కోర్టులో న్యాయమూర్తి ఆదేశం, ఫలానా మనిషికో, సమాజానికో తీవ్రమైన ప్రమాదం ఉన్న సందర్భం, ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బు. వీటికి తోడు హెచ్‌ఐవీకి, మానసిక ఆరోగ్యానికి, గర్భస్రావానికి, పిల్లలపై లైంగిక నేరాలకు విడివిడి చట్టాలున్నాయి. అందుకే ప్రతి ఉత్తరంలోనూ మేం చూసింది ఇవే: అడిగింది ఎవరు, ఏ చట్టం కింద, ఎంతమేరకు.

మా చిన్నాయన మిరపచేనికి కొట్టే మందు తాగాడు. ఒంగోలులో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతే, మేం వద్దని బతిమాలినా వినకుండా పోలీసులకు చెప్పారు. మనిషి దక్కాడు గానీ కేసవుతుందేమోనని ఇంటిల్లిపాదికీ భయంగా ఉంది. మా ఒప్పుదల లేకుండా చెప్పడం న్యాయమేనా? – పొదిలి దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు

న్యాయమే. పురుగుమందు, కాలిన గాయాలు, కొట్లాట దెబ్బలు, రోడ్డు ప్రమాదం, స్పృహ లేకుండా ఎవరో వదిలిపోయిన మనిషి... ఇవన్నీ మెడికో లీగల్ కేసులు (ఎంఎల్‌సీ), అంటే పోలీసులకు తెలపాల్సిన వైద్య కేసులు. ఆసుపత్రి ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో రాసి పోలీసులకు ఇంటిమేషన్ (సమాచార పత్రం) పంపాలి. దానికి రోగి సంతకం, బంధువుల ఒప్పుదల అక్కర్లేదు. వైద్యం మాత్రం దానికోసం ఆగకూడదు. ముందు ప్రాణం, తర్వాతే పోలీసు కాగితాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

ఇంటిమేషన్‌లో ఏముండాలన్నదీ తెలుసుకోండి. పేరు, వయసు, ఊరు, తెచ్చినవాళ్ల పేరు, తెచ్చిన సమయం, ఏం జరిగిందని చెప్పారు, మనిషి పరిస్థితి ఎలా ఉంది. అంతవరకే. ఆయనకు పాత జబ్బులేమున్నాయి, ఇంట్లో గొడవలేమిటి, అప్పులెంత అన్నవి ఆ కాగితంలోకి రావు.

కేసు భయం వదిలేయండి. పాత ఐపీసీలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన 309 సెక్షన్, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వ ఉద్యోగిని బెదిరించి పని చేయించుకోడానికో ఆపించడానికో చేసే ప్రయత్నం ఒక్కటే 226 సెక్షన్‌గా మిగిలింది. పైగా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు. పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు, అంతే. మీ చిన్నాయనకు ఇప్పుడు కావలసింది మనసు వైద్యం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, రాత్రీపగలూ పలుకుతుంది.

ఇలాంటి సమయంలో కొందరు ‘కడుపునొప్పి అని రాయండి డాక్టరుగారూ’ అని ప్రాధేయపడతారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఏ మందు తాగాడన్నదాన్ని బట్టి వైద్యం పూర్తిగా మారుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకానికి అట్రోపిన్ ఎక్కిస్తారు. పారాక్వాట్ గడ్డిమందైతే ఆక్సిజన్ పెట్టడంలో కూడా జాగ్రత్తపడాలి. అందుకే డబ్బా లేబుల్‌తో సహా తీసుకెళ్లాలి. మనిషి దక్కకపోతే ఇంకో కష్టం ఉంది. కేస్ షీట్‌లో కడుపునొప్పి అని ఉండి, శవపరీక్ష జరగకపోతే, ఆ కుటుంబం తర్వాత బీమాకు గానీ ప్రభుత్వ సాయానికి గానీ పెట్టుకునే అర్జీకి ఆధారమే ఉండదు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు లేకుండా ఆ ఫైలు కదలదు.

నెల్లూరులో చిన్న నర్సింగ్ హోమ్‌లో రికార్డులు చూస్తాను. కానిస్టేబుల్ వచ్చి ‘సార్ అడిగారు, కేస్ షీట్ జిరాక్స్ ఇవ్వు’ అంటాడు. ఒక్కోసారి ఫోన్లోనే అడుగుతారు. లాయర్లూ నోటీసులు పంపుతారు. ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు? – పొగతోట, నెల్లూరు

నోటిమాట మీద ఏదీ ఇవ్వొద్దు. దర్యాప్తుకు కాగితాలు కావాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద స్టేషన్ అధికారి రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీలో ఇది 91. కొత్త చట్టంలో ఆ ఆదేశం కాగితం మీదే ఉండనక్కర్లేదు, ఎలక్ట్రానిక్ రూపంలోనూ రావచ్చు. కాబట్టి మెయిల్‌లో వచ్చిందని తిప్పికొట్టకండి. స్టేషన్ అధికారిక మెయిల్ నుంచి వచ్చిందా, అధికారి సంతకం, క్రైమ్ నంబరు, ఏ తేదీ చికిత్సకు సంబంధించిన ఏ కాగితాలు అన్నవి ఉన్నాయా చూడండి. లేకపోతే, ‘ఫలానా వివరం లేదు, రాసి పంపండి, వెంటనే ఇస్తాం’ అని మర్యాదగా రాతలోనే జవాబివ్వండి. రాత అడిగితే దర్యాప్తుకు అడ్డుపడ్డట్టు కాదు.

ఆదేశం సరిగ్గా ఉంటే ఇలా చేయండి. కేస్ షీట్‌కు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నంబర్లు వేయండి. అడిగిన అడ్మిషన్ వరకే జిరాక్స్ తీసి, ప్రతి పేజీ మీద ‘అసలుకు నకలు’ అని ఆసుపత్రి ముద్ర, సంతకం పెట్టించండి. ఎన్ని పేజీలిచ్చారో, ఎవరు తీసుకున్నారో, హోదా, తేదీ, సమయం రాసి రసీదు తీసుకోండి. అవే వివరాలు మీ రిజిస్టర్‌లోనూ ఎక్కించి, ఆదేశం కాపీని ఆ కేస్ షీట్‌కే జతచేయండి. నిరుడు ఇదే మనిషి వేరే జబ్బుకు చేరిన కేస్ షీట్ కూడా మీ దగ్గర ఉండొచ్చు. అడగనిది ఇవ్వకండి. అసలు ప్రతినే స్వాధీనం చేసుకుంటామంటే, ముందు మొత్తానికి నకలు తీసిపెట్టుకుని, స్వాధీన పంచనామా ప్రతి చేతికొచ్చాకే అసలు ఇవ్వండి. రేపు ఏ కోర్టయినా మిమ్మల్ని అడిగితే మీ దగ్గర ఉండేది ఆ పంచనామా, ఆ నకలే.

ఇందులో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, హెచ్‌ఐవీ రిపోర్టు దగ్గర. ఆపరేషన్ ముందు చేసిన రక్తపరీక్షల కాగితాలన్నీ కేస్ షీట్‌లో కలిసే ఉంటాయి, గంపగుత్తగా జిరాక్స్ తీసి ఇచ్చేస్తారు. హెచ్‌ఐవీ చట్టం 8వ సెక్షన్‌లో పోలీసులకంటూ మినహాయింపు లేదు. రోగి ఒప్పుదల గానీ కోర్టు ఆదేశం గానీ ఉండాలి. ఆ పేజీ వేరు చేసి, ‘హెచ్‌ఐవీ చట్టం ప్రకారం కోర్టు ఆదేశం మీద సమర్పిస్తాం’ అని కవరింగ్ లెటర్‌లో రాయండి. పాజిటివ్ అయినా నెగటివ్ అయినా అందరి కేస్ షీట్లకూ ఇదే పద్ధతి పెట్టుకోండి. పాజిటివ్ వాళ్లదే తీసేస్తే, తీసేయడమే జవాబు చెప్పేస్తుంది.

లాయర్ నోటీసు కోర్టు ఆదేశం కాదు. తన క్లయింటే మీ రోగి అయి, ఆయన సంతకంతో అర్జీ ఉంటే ఇవ్వండి. ఎదుటి పక్షం లాయరైతే ‘కోర్టు ద్వారా తెప్పించుకోండి’ అని జవాబు రాయండి. కోర్టు సమన్లు వస్తే తప్పించుకునే వీల్లేదు. అసలు రికార్డు సీల్డ్ కవర్‌లో తీసుకెళ్లాలి. బోనెక్కిన డాక్టరు మాత్రం, ‘ఇది రోగి నాకు నమ్మి చెప్పిన సంగతి, న్యాయస్థానం ఆదేశిస్తే చెబుతాను’ అని ముందు న్యాయమూర్తికి విన్నవించాలి. లాయరుకు క్లయింట్ చెప్పిన మాటలకున్న రక్షణ మన సాక్ష్య చట్టంలో డాక్టరుకు లేదు. ఆదేశించాక చెప్పి తీరాలి.

రోగి తనంతట తాను అడిగినప్పుడు మాత్రం ఇంత వడపోత పెట్టకండి. అర్జీ అందిన 72 గంటల్లో నకళ్లు ఇవ్వాలని 2002 నియమావళి చెబుతోంది. ఇన్‌పేషెంట్ రికార్డు చికిత్స మొదలైన నాటి నుంచి కనీసం 3 ఏళ్లు దాచాలి. ఎంఎల్‌సీ అయితే కేసు తేలేదాకా పారేయకండి.

నాకు టీబీ అని కందుకూరులో ప్రైవేటు డాక్టరుగారు చెప్పారు. వారం తిరక్కుండానే ఆశా కార్యకర్త ఇంటికొచ్చింది. ఇప్పుడు వీధంతా తెలిసింది. డాక్టరుకు ఆ హక్కు ఎవరిచ్చారు? – ఒక పాఠకురాలు

ప్రభుత్వానికి తెలపడం డాక్టరుకు హక్కు కాదు, విధి. టీబీని 2012 మేలో తప్పక తెలపాల్సిన జబ్బుగా ప్రకటించారు. 2018 మార్చి గెజిట్‌తో ప్రైవేటు డాక్టర్లే కాదు, ల్యాబులు, టీబీ మందులు అమ్మే మెడికల్ షాపులు కూడా ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో రోగి వివరాలు ఎక్కించాల్సిందే. ఎక్కించకపోతే అంటువ్యాధిని వ్యాపింపజేసే నిర్లక్ష్యం కింద కేసు పెట్టొచ్చు. అందుకే మిమ్మల్ని అడగలేదు. అయితే ‘ఇది నేను ప్రభుత్వానికి తెలపాలమ్మా, మనిషి వస్తుంది’ అని ముందే మీకు ఒక మాట చెప్పి ఉండాల్సింది. ఆ మాట చెప్పకపోవడం వల్లే సగం గొడవలు వస్తాయి.

వీధికి తెలియడం వేరే సంగతి. అది తప్పు. ఆశా, ఏఎన్‌ఎం మీతో మాట్లాడొచ్చు, మీ ఇంట్లోవాళ్లకు పరీక్షలు చేయించొచ్చు, వాళ్లకు జబ్బు రాకుండా మందులివ్వొచ్చు. పక్కింట్లో మీ ఇంటి దారి అడుగుతూ జబ్బు పేరు ఎత్తకూడదు. పీహెచ్‌సీ డాక్టరుగారిని కలిసి, ‘ఇంటికి రావద్దు, ఫలానా రోజు నేనే ఆసుపత్రికి వస్తాను, ఈ నంబరుకే ఫోన్ చేయండి’ అని రాసివ్వండి. నిక్షయ్‌లో ఆ నంబరు మార్పిస్తారు. మళ్లీ అదే జరిగితే జిల్లా టీబీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. బ్యాంకు ఖాతా వివరాలు మాత్రం ఇవ్వండి. పోషకాహారానికి నెలకు ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరు నుంచి 1,000 చేశారు, చికిత్స జరిగినన్నాళ్లూ అది ఖాతాలోనే పడుతుంది.

మిగతా అంటువ్యాధులకూ ఇదే తీరు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినప్పటి లాంటి పరిస్థితి వస్తే, జ్వరంతో వచ్చినవాళ్ల వివరాలు ఆసుపత్రి జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయానికి పంపాలి. ఆ జాబితా ఊరి వాట్సాప్ గ్రూపులో పడటానికి మాత్రం ఏ చట్టమూ ఒప్పుకోదు.

నాకు ఐదో నెల. పరీక్షల్లో హెచ్‌ఐవీ అని తేలింది. ఆసుపత్రివాళ్లు మా ఆయనకు, అత్తగారికి చెబుతారేమోనని నిద్రపట్టడం లేదు. తెలిస్తే నన్ను ఇంట్లో ఉంచరు. – కావలి ప్రాంతం నుంచి

అమ్మా, ముందు మీ భయానికి జవాబు. మీ అత్తగారికి చెప్పే హక్కు ఎవరికీ లేదు. డాక్టరుకు లేదు, నర్సుకు లేదు, కౌన్సెలర్‌కు లేదు. మీ పుట్టింటివాళ్లకైనా సరే, మీరు ఒప్పుకుంటేనే. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉంది.

భర్తకు చెప్పడం గురించి ఆ చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. అక్కడ కూడా చెప్పగలిగేది డాక్టరు లేదా కౌన్సెలర్ మాత్రమే, అదీ ఒకదాని తర్వాత ఒకటి ఈ మెట్లన్నీ దాటాక. భాగస్వామికి సోకే ప్రమాదం గట్టిగా ఉందని వాళ్లకు అనిపించాలి. మీరే చెప్పేలా మీకు కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి. అయినా మీరు చెప్పరని తేలాలి. ‘మేం చెప్పబోతున్నాం’ అని మీకు ముందుగా తెలపాలి. అప్పుడు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కౌన్సెలింగ్ ఇచ్చి చెప్పాలి. ఫోన్లో చెప్పడం, కాగితం పంపడం, ఇంకొకరితో కబురంపడం కుదరదు.

దీనికి మించి ఆ సెక్షన్‌లోనే మీలాంటివాళ్ల కోసం ఒక రక్షణ పెట్టారు. చెప్పడం వల్ల ఆడమనిషి మీద హింస జరుగుతుందనో, ఆమెను వదిలేస్తారనో, ఆమెకూ పిల్లలకూ తీవ్రమైన హాని కలుగుతుందనో సహేతుకమైన భయం ఉంటే భర్తకు చెప్పకూడదు. కాబట్టి మీరు చేయాల్సింది, ఈ ఉత్తరంలో మాకు రాసిన చివరి వాక్యం ఉన్నదున్నట్టు మీ కౌన్సెలర్‌కు చెప్పడం. ఆ మాట మీ ఫైల్లో రాయమని అడగండి. లోపల దాచుకుంటే వాళ్లకు తెలియదు, తెలియకపోతే ఆ రక్షణ పనిచేయదు.

ఒక దగ్గర మాత్రం మీ ఒప్పుదల లేకుండానే వివరం వెళుతుంది. మీకు వైద్యం చేసే మరో డాక్టరుకు, కాన్పు చేసే వైద్య బృందానికి, వైద్యానికి అవసరమైనంత వరకు. ఇది మీ బిడ్డ కోసమే. కాన్పు ఎలా చేయాలి, పుట్టగానే బిడ్డకు ఏ మందు ఇవ్వాలి అన్నది దాని మీదే నడుస్తుంది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఇప్పుడే మొదలుపెట్టి ఒక్క రోజు కూడా మానకుండా వాడితే బిడ్డకు సోకే అవకాశం బాగా తగ్గిపోతుంది. కానీ మంచం దగ్గర బోర్డు కట్టడం, కేస్ షీట్ అట్ట మీద ఎర్ర సిరాతో రాయడం, వార్డులో పేరుపెట్టి అరవడం వైద్యానికి అవసరం లేదు, అవి చట్టవిరుద్ధం. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆసుపత్రిలో ఈ చట్టం కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన పేరు అడగండి. అక్కడ పని జరక్కపోతే ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, మీ పేరు బయటికి రాదు. మాట్లాడటానికి ఉచిత నంబరు 1097.

ఇంకొక్క మాట, ఇది చట్టం సంగతి కాదు. మీ ఆయనకూ పరీక్ష అవసరం. సోకి ఉంటే వైద్యం అవసరం. కౌన్సెలర్ సమక్షంలో, మీకు ఇబ్బంది లేని చోట, మీరు సిద్ధమైన రోజున ఆ మాట మొదలుపెట్టొచ్చు. ఇద్దరికీ కలిపి మామూలు పరీక్షలని పిలిపించి చేసే దారి కూడా కౌన్సెలర్లకు తెలుసు. తొందర పెట్టనివ్వకండి.

గ్రానైట్ క్వారీలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నా. ఆయాసానికి డాక్టరు దగ్గరికి పోతే సిలికోసిస్ అనుమానం, ప్రభుత్వానికి రాయాలి అన్నారు. ఓనరుకు తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. రాయొద్దని చెప్పొచ్చా? – చీమకుర్తి

చెప్పినా ఆయన వినకూడదు, మీరు చెప్పకూడదు కూడా. వృత్తివల్ల వచ్చే జబ్బుల జాబితాలో, రాతి దుమ్ము పీల్చడంతో ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ ఉంది. చూసిన డాక్టరు ఆలస్యం లేకుండా ప్రభుత్వ తనిఖీ అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. పాత గనుల చట్టం 25వ సెక్షన్‌లో ఇది ఉండేది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ 12వ సెక్షన్‌లోనూ ఉంది. ఆ రిపోర్టు వెళ్లేది తనిఖీ అధికారికి. మీరు సొంతంగా చూపించుకున్న డాక్టరు మీ ఓనరుకు ఫోన్ చేసి చెప్పడానికి ఏ చట్టమూ వీలివ్వదు.

అయితే కంపెనీ తరఫున చేసే ఆరోగ్య పరీక్షలు వేరు. అక్కడ మీరు పనికి సరిపోతారా లేదా అన్న ఫలితం యాజమాన్యానికి వెళుతుంది. అది దాని ఉద్దేశమే. ఏ డాక్టరు ఎవరి తరఫున చూస్తున్నాడో ముందే తెలుసుకోండి.

ఈ రిపోర్టు మీకు మేలే చేస్తుంది. సిలికోసిస్ పరిహారం దక్కే వృత్తి వ్యాధి. రేపు పరిహారం అడిగేటప్పుడు, జబ్బు ఫలానా తేదీన గుర్తించారని చెప్పే మొదటి ప్రభుత్వ కాగితం ఇదే అవుతుంది. సిలికా దుమ్ములో పనిచేసినవాళ్లకు టీబీ కూడా ఎక్కువగా వస్తుంది. చాలామంది నష్టపోయేది ఇక్కడే. చీటీ మీద ఒక్క ‘టీబీ’ అనే రాస్తారు, దుమ్ము సంగతి ఎక్కడా ఉండదు, అడిగే హక్కే పోతుంది. కాబట్టి మీరు ఏ పని చేశారో, డ్రిల్లింగా కటింగా, ఎన్నేళ్లు చేశారో డాక్టరుకు చెప్పి కేస్ షీట్‌లో రాయించండి. ఎక్స్‌రే ఫిల్ములు, మస్టర్ కాగితాలు, జీతం చీటీలు, పీఎఫ్ నంబరు ఇంట్లో దాచుకోండి.

బీమా కంపెనీ నుంచి మనిషి వచ్చి మా నాన్న కేస్ షీట్ చూసిపోయాడట. ఎవరిచ్చారు అనుమతి? – కోవూరు

బహుశా మీ నాన్నగారే. క్లెయిమ్ ఫారంలో, క్యాష్‌లెస్‌కు ఇచ్చే ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) ఫారంలో ‘నా వైద్య రికార్డులు కంపెనీ పరిశీలించడానికి అంగీకరిస్తున్నాను’ అన్న వాక్యం ఉంటుంది, దాని కింద సంతకం ఉంటుంది. క్లెయిమ్ పెట్టకపోతే, సంతకం లేకపోతే, వచ్చినవాడికి ఏమీ చూపకూడదు. సంతకం ఉన్నా వచ్చిన మనిషి గుర్తింపు కార్డు, కంపెనీ లెటరు, క్లెయిమ్ నంబరు చూసి నకలు పెట్టుకోవాలి. ఏం చూపారో రాసిమ్మని ఆసుపత్రిని అడగండి.

సిక్ లీవు పెడితే మా ఆఫీసువాళ్లు ఆసుపత్రికి ఫోన్ చేసి జబ్బేమిటని అడుగుతున్నారు. – నెల్లూరు

సర్టిఫికెట్ నిజమా కాదా అన్నంతవరకు ధ్రువీకరించొచ్చు. ఎందుకంటే డాక్టరు ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌కూ రిజిస్టర్ ఉండాలి. జబ్బు ఏమిటన్నది మీరు రాసిస్తే తప్ప చెప్పకూడదు. గర్భస్రావం అయితే మరీ జాగ్రత్త. గర్భస్రావాలకు సంబంధించిన ఎంటీపీ చట్టంలో 2021లో చేర్చిన 5ఏ సెక్షన్ ప్రకారం ఆ స్త్రీ పేరు, వివరాలు చట్టం అధికారమిచ్చినవాళ్లకు తప్ప ఎవరికి చెప్పినా ఏడాది వరకు జైలు. ఆ రిజిస్టర్ రహస్య పత్రం. సెలవు కోసం సర్టిఫికెట్ కావాలంటే ఆమె అడిగినప్పుడే ఇవ్వాలి.

పదిహేడేళ్ల అమ్మాయిని గర్భస్రావానికి తల్లి తీసుకొచ్చింది. ఇద్దరూ పోలీసులకు చెప్పొద్దని ఏడుస్తున్నారు. చెప్పకపోతే మాకు శిక్ష అంటారు. – స్టాఫ్ నర్సు, ఉదయగిరి

శిక్ష మాట నిజం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యుడికైతే ఏడాది వరకు జైలు. కానీ ఈ భయంతోనే పిల్లలు నాటువైద్యం వైపు పోతున్నారని గమనించి, సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29 తీర్పులో ఒక దారి చూపింది. ఇష్టపూర్వక సంబంధం వల్ల గర్భం వచ్చి, ఎంటీపీ చట్టం కింద గర్భస్రావానికి వచ్చిన మైనరూ, ఆమె సంరక్షకులూ కోరితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు, గుర్తుపట్టే వివరాలు రాయనక్కర్లేదు. అంటే రిపోర్టు వెళుతుంది, పేరు వెళ్లదు. ఆ కోరికను అమ్మాయి, తల్లి ఇద్దరి చేతా రాయించి, సంతకాలతో ఫైల్లో పెట్టండి. మైనర్ కాబట్టి గర్భస్రావానికి సంరక్షకురాలి రాతపూర్వక ఒప్పుదల ఎలాగూ తీసుకోవాలి.

బలాత్కారం జరిగిందని అమ్మాయి చెబితే సంగతి వేరు. నాగరిక్ సురక్షా సంహిత 397 ప్రకారం ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా వైద్యం చేసి వెంటనే పోలీసులకు తెలపాలి. అమ్మాయిని ఒంటరిగా, తల్లి కూడా లేకుండా, మెల్లగా ఒకసారి అడగండి. తల్లి ఎదుట చెప్పలేని మాట ఉండొచ్చు.

మా ఊరి నాయకుడి జబ్బేమిటో ప్రభుత్వాసుపత్రి నుంచి ఆర్టీఐ కింద తెప్పించుకోవచ్చా? – సింగరాయకొండ

రాదు. వ్యక్తిగత సమాచారమని 8(1)(జె) సెక్షన్ కింద తిప్పి పంపుతారు. 2025 నవంబరులో ఆ సెక్షన్‌ను మార్చాక అది ఇంకా బిగిసింది. మీ సొంత రికార్డుకైతే ఆర్టీఐ దాకా పోనక్కర్లేదు, మామూలు అర్జీ చాలు.

మా అమ్మ పాము కాటుతో చేరితే, క్యాజువాలిటీలో స్పృహ లేకుండా ఉన్న వీడియో యూట్యూబ్ చానల్లో వచ్చింది. లోపలివాళ్లే తీసి ఇచ్చారు. ఎవరికి చెప్పుకోవాలి? – కనిగిరి

ఇది చదివి మాకూ బాధ కలిగింది. ఏ మినహాయింపు కిందా ఇది రాదు. రోగిని గుర్తుపట్టేలా ఫోటో గానీ కేసు వివరం గానీ ఒప్పుదల లేకుండా ప్రచురించకూడదని డాక్టర్ల నియమావళి 7.17 చెబుతోంది. మానసిక రోగులైతే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్, లైంగిక దాడి బాధితులైతే న్యాయ సంహిత 72వ సెక్షన్ ఇంకా కఠినంగా ఉన్నాయి. 72 కింద రెండేళ్ల వరకు జైలు పడుతుంది.

ముందు ఆధారం, తర్వాత ఫిర్యాదు. కోపంతో ఫోన్ చేసి తీసేయమంటే వాళ్లు తీసేస్తారు, మీ చేతిలో ఏమీ మిగలదు. వీడియో లింకు, చానల్ పేరు, అప్‌లోడ్ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు, డౌన్‌లోడ్ చేసిన కాపీ పెట్టుకోండి. అది ఏ ఫోన్లో, ఎప్పుడు దాచారో రాసుకోండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది ఈ వివరాలతోనే తయారవుతుంది. తర్వాత యూట్యూబ్‌లోనే ప్రైవసీ ఫిర్యాదు పెట్టండి.

అది ప్రభుత్వాసుపత్రి అయితే సూపరింటెండెంట్‌కు రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ రోజు క్యాజువాలిటీ డ్యూటీ రోస్టర్, సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని అదే అర్జీలో అడగండి. ఫుటేజీ కొద్ది రోజులకే చెరిగిపోతుంది కాబట్టి ఇది ఆలస్యం చేయొద్దు. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. ప్రైవేటు ఆసుపత్రి అయితే, 2002 నాటి రాష్ట్ర చట్టం కింద దాని రిజిస్ట్రేషన్ జిల్లా యంత్రాంగం చేతిలోనే ఉంటుంది కాబట్టి డీఎంహెచ్‌ఓకు రాయండి. డాక్టరే ఇచ్చాడని తేలితే ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికి కూడా పంపండి. డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవాళ్లు నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. గడువు రెండేళ్లు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి మీద మాత్రం ఆ కమిషన్‌కు వెళ్లడం కుదరదు. మీ అమ్మగారు కోలుకున్నాక ఫిర్యాదు మీద ఆమె సంతకమే పెట్టించండి, మీ సంతకం సాక్షిగా ఉంటే చాలు.